అమ్మిన బండి మీద అజమాయిషీ

తక్కువ సంఖ్యలో తయారయ్యే స్పోర్ట్స్ కారును కొన్నవాడు ఏడాదో రెండేళ్లో అమ్మకూడదని డీలరు షరతు పెడితే తప్పేముంది? కార్ల పిచ్చి ఉన్న నలుగురు చేరిన చోట ఈ ప్రశ్న వేసి చూడండి. తప్పు లేదనేవాళ్లే ఎక్కువ. పొద్దున బండి తీసుకుని సాయంత్రానికి రెట్టింపు ధరకు అమ్ముకునే బ్లాకు బేరగాళ్లకు ఆ మాత్రం కళ్లెం ఉండాల్సిందే అంటారు. బండిని నిజంగా ప్రేమించేవాడికే బండి దక్కాలి అంటారు. చివరికి, ఇష్టపడే కదా సంతకం పెట్టాడు, మాట మీద నిలబడొద్దా అంటారు. వినడానికి మూడూ పెద్దమనిషి మాటలే. మూడూ తప్పే. పైగా ఈ తప్పును మన దేశం ఒక తరం పాటు అనుభవించి, విసిగి వేసారి, వదిలించుకుంది కూడా. వదిలించుకున్న జబ్బును విదేశీ బ్రాండ్ పేరు మీద మళ్లీ కావాలని కోరుకుంటున్నాం.

ముందు ఆ షరతు ఎలా ఉంటుందో చూద్దాం. 2016లో ఫోర్డ్ కంపెనీ తన కొత్త జీటీ కారుకు దరఖాస్తులు పిలిచింది. తొలి విడత 500 కార్లు. వచ్చిన దరఖాస్తులు 6,506. ధర నాలుగున్నర లక్షల డాలర్ల పైమాట. డబ్బుంటే చాలదు, ఫోర్డ్ పేరును నలుగురిలో నిలబెట్టగలవాడని కంపెనీకి నమ్మకం కలగాలి. ఆపైన రెండేళ్ల దాకా అమ్మనని రాసివ్వాలి. కుస్తీ వీరుడు, సినిమా నటుడు జాన్ సీనా అలాగే రాసిచ్చి, 2017లో బండి చేతికందిన కొద్ది వారాలకే అమ్మేశాడు. ఫోర్డ్ కోర్టుకెక్కింది. మరుసటి ఏడు రాజీ కుదిరింది: సీనా క్షమాపణ చెప్పుకున్నాడు, కొంత సొమ్ము ధర్మసంస్థకు పోయింది. 2023 చివర్లో టెస్లా తన సైబర్‌ట్రక్ ఒప్పందంలో ఇంకాస్త ముందుకెళ్లింది. ఏడాదిలోపు అమ్మితే 50,000 డాలర్లో, అమ్మగా వచ్చిన మొత్తమో, ఏది ఎక్కువైతే అది కట్టమంది. అలాంటివాడికి ఇకమీదట బండి అమ్మకపోవచ్చని కూడా రాసుకుంది. ఫెరారీకి కాగితంతో అంత పని లేదు. అరుదైన కారు ఎవరికివ్వాలో తేల్చే జాబితా దాని చేతిలో ఉంది. ఆ జాబితాలోంచి పేరు కొట్టేస్తారన్న భయమే కోటీశ్వరుల్ని కూడా బుద్ధిమంతుల్ని చేస్తుంది.

అమెరికా నటుడి కారు గొడవ కోవిల్‌పట్టిలో కూర్చున్నవాడికెందుకు అని అడగొచ్చు. ఈ షరతు దెబ్బ గట్టిగా తగిలేది ఇలాంటి ఊళ్లకే కాబట్టి. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా కన్యాకుమారికి దిగే 44వ నంబరు జాతీయ రహదారి మీద వరసగా వస్తాయి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి. అంతా నల్లరేగడి నేల. తరాల కిందట ఉత్తరాన తెలుగు నేల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు చుట్టుపక్కల ఊరూరా ఉన్నాయి. తెలుగు మాతృభాషగా పుట్టి తమిళంలో మహా రచయితగా ఎదిగిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్ కోవిల్‌పట్టి పక్కనే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, నూలు మిల్లులు, కమీషన్ మండీలు ఈ ప్రాంతానికి డబ్బు తెచ్చాయి. డబ్బున్న ఇళ్లకు కొదవ లేదు, ఆ ఇళ్లలో కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లకూ కొదవ లేదు. లేనిదల్లా షోరూము. ఇలాంటి కారు కావాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవాలి.

పోయినా దొరకదు. ఫోక్స్‌వ్యాగన్ 2025లో గోల్ఫ్ జీటీఐని 53 లక్షలకు మన దేశానికి తెచ్చినప్పుడు తొలి విడతగా తెచ్చినవి 150. బుక్ చేసుకునే ముందు కారు చరిత్ర మీద ప్రశ్నలకు జవాబులు చెప్పమంది. అంటే డబ్బుతో పాటు భక్తి పరీక్ష కూడా. అదే ఏడు స్కోడా తెచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్‌లు వంద. బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే అయిపోయాయి. ఇంత దేశానికి వంద బండ్లు! ఇది అరకోటి రూపాయల కార్ల కథ. అంతకు పైమెట్టు మీదున్న వాటిలో ఎవరికి ఇవ్వాలన్నది డీలరు దగ్గరి పాత ఖాతాను బట్టి తేలుతుంది: ఇంతకుముందు ఎన్ని కొన్నావు, ఏవి కొన్నావు, కంపెనీ విందులకు వచ్చావా. మహానగరంలో ఉన్నవాడికి ఆ ఖాతా ఉంటుంది. విరుదునగర్ మిర్చి వ్యాపారి కొడుక్కి ఎక్కడి నుంచి వస్తుంది? వాడికి మిగిలేది ఒకటే దారి. మొదట దక్కించుకున్నవాడికి పైన నాలుగు డబ్బులిచ్చి అతని దగ్గర కొనుక్కోవడం. మనం బ్లాకు బేరగాడని తిడుతున్న ఆ మనిషే కోవిల్‌పట్టి కుర్రాడికి దిక్కైన డీలరు. మళ్లీ అమ్మకూడదన్న షరతు ఆ దారికి గోడ కడుతుంది. నిజమైన ప్రేమికుడికి బండి దక్కాలంటూ కట్టిన గోడ, ప్రేమికుల్లో ఎక్కువమందిని బయటే నిలబెడుతుంది.

మొదట దక్కినవాడు ప్రేమికుడనీ, రెండోసారి కొన్నవాడు కాదనీ ఎవరు తేల్చారు? అసలు ధరకన్నా ఎక్కువిచ్చి, ఊళ్లు దాటి పోయి, వేరే రాష్ట్రం బండైతే ఎన్‌వోసీ తెచ్చుకుని, మళ్లీ పన్ను కట్టి తెచ్చుకున్నవాడి మోజు తక్కువదా? మమకారం ఉన్నవాడికి షరతుతో పనే లేదు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో తొలి మారుతి 800 తాళం ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్న ఉద్యోగి, 2010లో కన్నుమూసే దాకా ఆ బండిని వదల్లేదు. మంచి ధర పలికే రోజులు మధ్యలో ఎన్నో వచ్చి ఉంటాయి.

ఇక చరిత్రకు వద్దాం. ఈ షరతును మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఆ రోజులు చూడనివాళ్లు. 1959లో కేంద్ర ప్రభుత్వం మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. మరుసటి ఏడు స్కూటర్లకూ అలాంటిదే వచ్చింది. దేశం మొత్తానికి చెప్పుకోదగ్గ కార్లు మూడు: అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్. స్కూటర్లంటే వెస్పా, లాంబ్రెట్టా. తర్వాత 1972లో బజాజ్ చేతక్. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పుష్పక్ స్కూటరు కూడా కొంతకాలం రోడ్ల మీద తిరిగింది. డిపాజిట్ కట్టి, వరస నంబరు తీసుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూడటమే. చేతక్‌కు పదేళ్లు పట్టేది. పిల్ల పుట్టగానే స్కూటర్ బుక్ చేస్తే అల్లుడు వచ్చేనాటికి అందుతుందని అప్పటి వెటకారం. అధికారులకో కోటా, డాక్టర్లకో కోటా, విదేశీ మారకంలో చెల్లించగలవాళ్లకు వేరే వరస.

అప్పుడూ ఇదే మాట: కొత్త కారు కొన్నవాడు రెండేళ్లలోపు కంట్రోలర్ అనుమతి లేకుండా అమ్మరాదు. ఉద్దేశం కూడా అచ్చం ఇదే. కోటాలో చవకగా తీసుకుని బ్లాకులో అమ్ముకునేవాళ్లను ఆపాలి, నిజంగా అవసరమున్నవాడికి బండి దక్కాలి. ఆగిందా? ఒక్కరోజు ఆగలేదు. అమ్మకం ఆగలేదు, కాగితం ఆగింది. బండి కొన్నవాడి ఇంటికి వెళ్లిపోయేది, ఆర్సీ మొదటివాడి పేరు మీదే ఉండిపోయేది. మధ్యలో ఒక పవర్ ఆఫ్ అటార్నీ, తేదీ వేయని సంతకాలు పెట్టిన ఫారాలు, నోట్లుగా చేతులు మారిన ప్రీమియం. కోటాలో పేరు రాయించుకోవడానికి బావమరుదులూ పనివాళ్లూ పనికొచ్చారు. ప్రీమియం ఎంతన్నది ఊళ్లో అందరికీ తెలుసు, ప్రభుత్వ లెక్కల్లో మాత్రం లేదు. నిషేధం వల్ల ధర తగ్గకపోగా, నిషేధాన్ని దాటవేసే ఖర్చు కూడా ధరలో కలిసింది.

ఆ దొంగచాటు అలవాటు ఇవాళ్టికీ ప్రాణాంతకమే. బండి ఒకరి చేతిలో, ఆర్సీ ఇంకొకరి పేరు మీద ఉంటే, ప్రమాదం జరిగిన రోజున పరిహారం బాధ్యత ఎవరిది? రికార్డులో పేరున్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో చెప్పింది. బండి ఎప్పుడో అమ్మేశాను, ఎన్ని చేతులు మారిందో నాకు తెలియదు అన్నా ఒప్పుకోలేదు. అమ్మడాన్ని నిషేధిస్తే జనం అమ్మడం మానరు, చెప్పకుండా అమ్ముతారు. చెప్పకుండా అమ్మిన బండి 44వ నంబరు రోడ్డు మీద రెండొందల వేగంతో పోతుంటే, కయత్తారు మలుపులో ఏదైనా జరిగితే, బాధితుడు పట్టుకోవాల్సింది ఎవరినో వెతుక్కోవాలి. ఈ సంగతి షరతు రాసిన కంపెనీ లాయర్లకు పట్టదు.

కొరత ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న. ఇక్కడ కోయంబత్తూరు జి.డి. నాయుడును తలుచుకోవాలి. తెలుగు ఇంట పుట్టి, 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, మోటార్లు, యంత్రాలు, రేజర్లు అన్నీ చేసి చూపించిన మనిషి. 1952లో ఆయన రెండు వేల రూపాయలకు ఇవ్వగల రెండు సీట్ల కారు చేశాడనీ, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది ఆగిపోయిందనీ చెబుతారు. చేయగలవాణ్ని చేయనివ్వరు. చేసేవాళ్లకు ఇన్నే చేయమని గీత గీస్తారు. కరువు పుట్టించి, ఆ కరువులో నాలుగు రూపాయలు మిగుల్చుకున్నవాణ్ని దొంగ అంటారు. లైసెన్సు రాజ్యంలో ఆ గీత గీసింది సర్కారు. ఇవాళ స్పోర్ట్స్ కారు కంపెనీ తనకు తానే గీసుకుంటుంది. వెయ్యి చేయగలిగీ మూడొందలే చేస్తుంది, ఆ మూడొందలన్న అంకెనే ప్రచారం చేసుకుంటుంది, ఆ అంకె వల్లే మిగతా మామూలు కార్లను కూడా నాలుగు రాళ్లు ఎక్కువకు అమ్ముకుంటుంది. కొరత మీద వచ్చే లాభమంతా తనకు కావాలి, కొన్నవాడు ఒక్క పైసా తినకూడదు. దీన్ని వ్యాపారం అనండి, ఒప్పుకుంటాను. న్యాయం అనకండి.

కొరతకు నిజమైన మందేమిటో తెలియాలంటే పోర్షే 911 ఆర్ కథ చాలు. 2016లో 991 బండ్లే చేస్తామన్నారు. మాన్యువల్ గేరు, వెనక రెక్క లేని తీరు, జనం ఎగబడ్డారు. నెలల్లోనే పాత బండి ధర కొత్త ధరకు ఎన్నో రెట్లయింది. 2017లో అదే కంపెనీ దాదాపు అదే రుచి ఉన్న జీటీ3 టూరింగ్‌ను, సంఖ్యకు గీత గీయకుండా, తెచ్చింది. 911 ఆర్ ధరలు దిగొచ్చాయి. బేరగాళ్లను ఏ షరతూ కొట్టలేదు, ఇంకో బండి కొట్టింది. అంత చేయడం ఇష్టం లేకపోతే లాటరీ తీయొచ్చు. 1983లో మారుతి పదివేల రూపాయల డిపాజిట్లు కట్టించుకుని చీటీలు తీసింది. అదీ ఇష్టం లేకపోతే ధర పెంచి ఆ ప్రీమియాన్ని తానే తీసుకోవచ్చు. కంపెనీ ఈ మూడూ చేయదు. ధర పెంచితే అత్యాశ అంటారు, ఎక్కువ చేస్తే అరుదన్న పేరు పోతుంది, చీటీలు తీస్తే పెద్ద ఖాతాదారులు అలుగుతారు. కాబట్టి భారాన్ని కొన్నవాడి నెత్తిన పెట్టి, దానికి ప్రేమ అని పేరు పెట్టింది.

సంతకం పెట్టాడు కదా అన్న వాదన చట్టం తెలిసినట్టు వినిపిస్తుంది. బండి ధర పూర్తిగా చెల్లించాక ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి చూడండి. యాజమాన్యం మార్చడానికి కావలసినవి 29, 30 నంబరు ఫారాలు, బీమా, అవసరమైతే ఎన్‌వోసీ. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోలు కావాలి, ఎందుకంటే దాని డబ్బు ఇంకా బండిలో ఉంది. తయారు చేసిన కంపెనీ అనుమతి అనే గడి ఆ ఫారాల్లో లేదు. అప్పిచ్చినవాడికి అప్పు తీరేదాకా హక్కు. అమ్మినవాడికి డబ్బు ముట్టేదాకా హక్కు. టీఎన్ 67 నంబరు పడి, తమిళనాడు సర్కారుకు జీవితకాల పన్ను కట్టాక ఆ బండి ఎవరిదో మోటారు వాహనాల చట్టానికి సందేహం లేదు. ఆ పన్ను కూడా తక్కువేం కాదు: 20 లక్షలు దాటిన కారుకు 2023 నుంచి 20 శాతం. కంపెనీ బండిని ఇన్‌వాయిస్ ధరకే వెనక్కి కొంటానంటే ఆ పన్ను ఎవరిస్తారు?

ఒప్పందం తప్పితే నష్టపరిహారం కట్టాలి కదా అంటారు. నష్టం ఉంటే కట్టాలి. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా అది గరిష్ఠ హద్దే, ఇచ్చేది సమంజసమైన పరిహారమే. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక స్థలం కొన్నవాడి ధరావతు సొమ్మును జప్తు చేసుకుంది, ఆ తర్వాత అదే స్థలాన్ని అంతకన్నా ఎక్కువ ధరకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు జప్తేమిటని కోర్టు అడిగింది. అడిగిన ధర అణా పైసలతో ముట్టిన కారు కంపెనీకి, ఆ కారు చేతులు మారితే వచ్చిన నష్టమేమిటో లెక్క చూపమనండి. గోల్ఫ్ ఆడే క్లబ్బులో తమ కారు పక్కన ఎవరు నిలబడ్డారన్నది లెక్కకు రాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ఇంకా పాత మాట చెబుతుంది: అమ్మేసిన ఆస్తిని మళ్లీ అమ్మకూడదని సంపూర్ణ నిషేధం పెడితే ఆ షరతు చెల్లదు. రెండేళ్ల నిషేధం సంపూర్ణం కాదు కదా అని కంపెనీ లాయరు అంటాడు. ఆ సెక్షన్ ఎక్కువగా భూముల కేసుల్లో నలిగింది అని కూడా అంటాడు. రెండూ నిజమే. ఆ సెక్షన్‌లోనే ఉన్న మినహాయింపు మాత్రం చూడదగ్గది: లీజుకిచ్చినవాడు తన మేలు కోసం అలాంటి షరతు పెట్టుకోవచ్చు. అంటే, పట్టు వదలడం ఇష్టం లేకపోతే అమ్మకు, అద్దెకివ్వు. పోర్షే 2023లో 911 ఎస్/టీ విషయంలో అమెరికాలో అదే చేసింది, మొదటి ఏడాది లీజే. నాకు ఆ పద్ధతి నచ్చదు గానీ అందులో దాపరికం లేదు. బండి ఇంకా తనదేనని కంపెనీ ఒప్పుకుంది. అమ్మి, పూర్తి ధర పుచ్చుకుని, ఆపైన తనదేనన్నట్టు మాట్లాడటమే అన్యాయం.

అమెరికాలో కూడా ఆ అజమాయిషీ ఎంతో దూరం పోలేదు. 2018 మే నెలలో ఇండియానాపొలిస్‌లో మెకమ్ వేలంలో ఒక ఫోర్డ్ జీటీ అమ్మకానికొస్తే ఆపమని ఫోర్డ్ కోర్టును అడిగింది. న్యాయమూర్తి ఆపలేదు. బండి పద్దెనిమిది లక్షల డాలర్ల పైన పలికింది. తర్వాత వేలం సంస్థ ఫోర్డ్‌తో రాజీ పడింది, అది వేరే సంగతి. సంతకం పెట్టినవాణ్ని సంతకం పట్టుకుంటుంది. బండి వెంట పరుగెత్తి ఎదురొచ్చిన ప్రతివాణ్నీ పట్టుకోదు. 2013లో థాయ్ విద్యార్థి పాఠ్యపుస్తకాల కేసులో, 2017లో ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ల కేసులో అక్కడి సుప్రీంకోర్టు తవ్వి తీసిన పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం కూడా ఆ దారిలోదే: ఒకసారి అమ్ముడైన వస్తువు మీద అమ్మినవాడి పెత్తనం ముగుస్తుంది.

విరుదునగర్ బజారుకు ఈ సూత్రం చెప్పడానికి ఏ కోర్టూ అక్కర్లేదు. మిరప, ధనియాలు, మినుములు, నూనెల ధరలు ఇక్కడ తేలి తమిళనాడంతా పాకుతాయి. కమీషన్ మండీలో మూట తూకమై డబ్బు చేతులు మారాక, ఇది ఎవరికి అమ్ముతావు, ఎప్పుడు అమ్ముతావు, ఎంతకు అమ్ముతావు అని అడిగేవాడు లేడు. కొన్నవాడు మర్నాడే లాభానికి అమ్మితే అతని తెలివి, ధర పడిపోతే అతని ఖర్మ. కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అంటే మన పల్లీ పట్టీ, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఆ పేరు వాడుకుని ఇంకో ఊళ్లో తయారు చేస్తే చట్టం అడ్డుపడుతుంది. కోవిల్‌పట్టిలో కొన్న పొట్లాన్ని చెన్నైలో రెట్టింపుకు అమ్ముకుంటే ఎవరూ అడ్డుపడరు. పేరును కాపాడుకోవడానికీ, అమ్మిన సరుకును కాపలా కాయడానికీ తేడా ఈ చిన్న ఊరి మిఠాయి వ్యాపారులకు తెలుసు.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణ ఒకటి ఇదే నేల మీద ఉంది, దాన్ని దాటిపోలేను. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ నివేదిక మీద 1892లో మద్రాసు ప్రభుత్వం దళితులకు పంచిన పంచమి భూములకు అమ్మకపు నిషేధం ఉంది: పదేళ్ల దాకా ఎవరికీ అమ్మకూడదు, ఆ తర్వాత కూడా అణగారిన వర్గాలవారికే అమ్మాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1977 అసైన్డ్ భూముల చట్టం కూడా అలాంటిదే. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. 2023లో ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు ఆ కట్టు సడలించారు. ఇవి ఉండాల్సిన నిషేధాలే అని నేనంటాను. మరి కారుకెందుకు వద్దు? ఆ నిషేధం ఎవరి కోసమో చూడండి. పేదవాడి చేతిలో ఎకరం భూమిని, వడ్డీకిచ్చినవాడో ఊరి పెద్దో ఒక కరువు ఏడాదిలో కాజేయకుండా ఆపడానికి. షరతు భూమి పుచ్చుకున్నవాడి రక్షణ కోసం పుట్టింది. కారు షరతు అమ్మినవాడి రక్షణ కోసం పుట్టింది. పంచమి భూమికి అన్యాయం జరిగిందంటే అది ఆ షరతును జనం లెక్కచేయకపోవడం వల్ల. కారు షరతును అందరూ లెక్కచేస్తే జరిగేది అన్యాయం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టే మేధావులు మన దగ్గర ఉన్నారు, వాళ్లకు నమస్కారం.

ధరల మీద కంపెనీలకు నిజంగా అంత ధర్మచింత ఉందా? కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసింది. డీలర్లు కొనేవాడికి తాను అనుకున్నదానికన్నా ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా కంపెనీ కట్టడి చేసిందనీ, మారువేషంలో కొనుగోలుదార్లను పంపి పట్టుకుని డీలర్లకు జరిమానాలు వేసిందనీ కమిషన్ తేల్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అప్పీలు ఏమైనా, కార్ల పరిశ్రమకు పై ధర అంటేనే కాదు, తక్కువ ధర అన్నా పడదని ఆ ఆదేశం చదివినవాడికి అర్థమవుతుంది.

లాభం సంగతి ఇంతసేపు చెప్పుకున్నాం. నష్టం? సైబర్‌ట్రక్ మొదట వేలాల్లో అసలు ధరకు రెట్టింపు పైగా పలికింది. ఆ రోజుల్లో ఒప్పందాన్ని గౌరవించి అమ్మకుండా ఉన్నవాడు బుద్ధిమంతుడు. ఏడాది తిరిగేసరికి ధర కొత్త బండి ధరకన్నా కిందికి జారింది. 2025లో టెస్లా తానే పాత సైబర్‌ట్రక్‌లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు లక్ష డాలర్ల బండికి కట్టిన విలువ 65 వేల చిల్లర. అమ్ముకుంటే లాభమొచ్చే రోజుల్లో చేతులు కట్టేసి, నష్టమొచ్చే రోజుల్లో వదిలేసినట్టయింది. లాభం వచ్చే ఏడాదిలో బండి ఇద్దరిదీ, నష్టం వచ్చే ఏడాదిలో నీ ఒక్కడిదీ అనే భాగస్వామ్యాన్ని విరుదునగర్‌లో ఏ మండీ యజమానీ ఒప్పుకోడు. కోటి రూపాయల కారు ముందు నిలబడేసరికి అదే మండీ యజమాని కొడుకు కలం తీస్తున్నాడు.

అలాంటి కాగితం మీ ముందుకొస్తే డీలరును ఒక్క మాట అడగండి. ఈ రెండేళ్లలో ధర పడిపోతే నేను కట్టిన పన్నుతో సహా పూర్తి ధరకు బండి వెనక్కి తీసుకుంటామని అదే కాగితం మీద రాసిస్తారా? రాసిస్తే సంతకం పెట్టండి, అది బేరం. రాసివ్వకపోతే ఆ షరతును కొట్టేయించండి, లేదా కలం జేబులో పెట్టుకుని లేచి రండి.